కెప్టెన్ గారి పది వేళ్ళు

జహీరాబాద్‌లో డ్రోన్ ఎగరేసేవాళ్ళకు కొదవ లేదు. రిమోట్ చేతికొస్తే చాలు, ప్రతివాడూ పైలటే. ఎగిరినదాన్ని మళ్ళీ క్షేమంగా చేతిలోకి దించుకునేవాళ్ళు ఎంతమంది అని అడిగి చూడండి, అందరికీ అప్పుడే ఫోన్లు వస్తాయి. బస్టాండ్ వెనక రామ్‌కిషన్ ఫొటో స్టూడియోలో మాత్రం అలాంటి మనిషి ఒకతె ఉంది. పేరు భవాని, వయసు నలభై రెండు. స్టూడియో ముందున్న ఫ్లెక్సీ మీద ఆ ఫ్లెక్సీ కొట్టినవాడి ఫోన్ నంబరుకు కూడా చోటు దొరికింది గానీ భవాని పేరుకు దొరకలేదు.

ఫ్లెక్సీ నిండా ఉన్నది ప్రణయ్. రామ్‌కిషన్ అల్లుడు. నల్లకళ్ళద్దాలు, భుజాల మీద బంగారు చారలున్న తెల్లచొక్కా, కింద 'డ్రోన్ కెప్టెన్' అని జానెడు అక్షరాలు. పాపం కష్టపడే చదివాడు, హైదరాబాద్‌లో మూడు రోజుల కోర్సు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలు పెట్టి పంపించేశారట, అది వేరే సంగతి. డ్రోన్ కొనిపెట్టింది అత్తగారు మనోరమ. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అన్నారా!

ఇంతకీ చేత్తో ఎగరేయడం, చేత్తో పట్టుకోవడం ఎందుకంటారా? ఇక్కడి ఎర్రమట్టిని మీరు చూడలేదన్నమాట. మొదటి ఏడాది కోహీర్‌లో ఒక పెళ్ళికి డ్రోన్‌ను నేల మీద పెట్టి లేపారు. దుమ్ము లేచి పెళ్ళికొడుకు తెల్ల షేర్వాణీ కాస్తా కాషాయమైంది. డ్రోన్ మోటారులో మట్టి పడి, అది పిండిమర లాగా కూసి మూలపడింది. రెండో పెళ్ళికి రామ్‌కిషన్ "దీన్ని చేతుల పట్టుకొని లేపాలె, ఎవరు పట్టుకుంటరు?" అని అడిగితే, స్టూడియోలో ఉన్న నలుగురు మగవాళ్ళూ తమ చెప్పులకేసి చూసుకున్నారు. ఆడవాళ్ళ వైపు లైటు గొడుగు పట్టుకోవడానికి వచ్చిన భవాని, గొడుగు గోడకు ఆనించి చెయ్యి చాపింది.

ఆమెకు భయం లేక కాదు. అందరికంటే ఎక్కువ భయం ఆమెకే. పంతొమ్మిదో ఏట చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన చెరుకురసం మిషన్ నడిపేది. ఒకరోజు పిప్పి ఇరుక్కుంటే లాగబోయింది. ఎడమచేతి ఉంగరం వేలు సగం అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి తిరిగే వస్తువు ఏదైనా సరే, దాని దగ్గరికి చెయ్యి వెళ్ళేముందు కళ్ళు వెళ్ళాలని ఆమె నియమం. మూడు రోజుల కోర్సులో చెప్పని పాఠం అది. దాని ఫీజు అర వేలు.

అందుకే ఆమె పద్ధతి చూడముచ్చటగా ఉండేది. గాజులు పైకి తోసి, కొంగు నడుముకు దోపి, జడ ముడేసి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని నిలబడేది. డ్రోన్ పొట్టను కిందినుంచి వేళ్ళతో పట్టుకుని, చెయ్యి తలకంటే పైకి, ముఖానికి దూరంగా ఎత్తేది. రెక్కలు తిరిగి అది తనంతట తాను లేస్తున్నప్పుడు వేళ్ళు విప్పేది, అంతే. విసిరేది కాదు. దిగేటప్పుడు కూడా దాని వెంట పరిగెత్తేది కాదు. అది నెత్తికి కాస్త పైన కదలకుండా ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు కిందినుంచి మెల్లగా చెయ్యి ఎత్తి పొట్ట అందుకునేది. రెక్కలు పూర్తిగా ఆగేదాకా చెయ్యి వంచేది కాదు, ఎందుకంటే వంచితే అది పడిపోతున్నాననుకుని ఇంకా గట్టిగా తిరుగుతుంది. పక్కనుంచి పట్టడం అనే మాట ఆమె దగ్గర లేదు. మూడేళ్ళలో దాదాపు రెండువందల పెళ్ళిళ్ళు, ఒక్క గీత పడలేదు. చప్పట్లు మాత్రం ప్రతిసారీ రిమోట్ పట్టుకున్నవాడికే పడ్డాయి.

ఈ దసరా పొద్దున స్టూడియోలో ఆయుధపూజ పెట్టారు. కెమెరాలు, లైట్లు, బ్యాటరీలు వరసగా పేర్చి, మనోరమ ఒక్కొక్కదానికీ పసుపు, కుంకుమ పెడుతోంది. డ్రోన్ వంతు వచ్చింది. అల్లుడి వాహనమాయె, ఉత్త బొట్టుతో సరిపెడితే ఏం బాగుంటుంది? నూనెలో తడిపిన కుంకుమ తీసుకుని, పసిబిడ్డను బోర్లా తిప్పినట్టు దాన్ని తిప్పి, పొట్ట మీదున్న రెండు చిన్న అద్దాలకూ ముచ్చటగా చెరో బొట్టు పెట్టింది. భవాని గబగబా దగ్గరికొచ్చింది.

"అమ్మా, అవి బొట్టు పెట్టే జాగ కాదు. దాని కండ్లవి. నేల ఎంత దూరం ఉన్నదో వాటితోనే చూస్తది."

"కండ్లైతే ఏంది? మనం కండ్ల నడుమ పెట్టుకుంటలేమా?"

"నడుమ కాదమ్మా, కండ్ల మీదనే పెట్టిన్రు. జర తుడుస్త."

"తుడుస్తవా! పండుగపూట బొట్టు తుడుస్తనంటున్నవానే! నోరెట్లొచ్చిందే నీకు?"

ప్రణయ్ నల్లకళ్ళద్దాలు పైకి తోసి నవ్వాడు. "ఫికర్ చెయ్యకు భవానక్కా. లోపలంత ఏఐ ఉంటది. దానికి బొట్టేం అడ్డం?"

అబ్బో, పెద్ద మాటే. అంత తెలివైన యంత్రానికి కళ్ళు మూసినా కనిపిస్తుంది కాబోలు. బొట్టు తుడిచే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. రెక్కలకు చుట్టిన బంతిపూల దండను మాత్రం భవాని దారంతో సహా తీసేయించగలిగింది, అదే గొప్ప.

అప్పుడే రామ్‌కిషన్ ఆమెను పక్కకు పిలిచాడు. మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"భవానీ, ఇయ్యాల చంద్రప్ప పటేల్ కొత్త ట్రాక్టర్ పూజకు నువ్వు లేపుడు వరకే. పట్టుకునుడు ప్రణయే చేస్తడు. ఒక చేతుల రిమోట్, ఒక చేతుల డ్రోన్. రీల్ తీస్తున్నం. మంచిగొస్తే దీపావళి నుంచి ఒక్కడే చూసుకుంటడు."

"మరి నా సంగతి, అన్నా?"

"నీకేం ఫికరే! అల్లం సీజన్ వస్తున్నది కద."

అల్లం ఏరడమంటే ఏమిటో రామ్‌కిషన్‌కు తెలియదు. రోజంతా తడిమట్టిలో కూర్చుని కణుపులు విరిచి కడిగితే, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి పనికిరాదు, అంత మంట. ఏడేళ్ళు ఆ పని చేసి, ఇంక చచ్చినా చెయ్యనని ఒట్టు పెట్టుకుని ఈ స్టూడియో మెట్లెక్కింది భవాని. ఈ పని పోతే మళ్ళీ అక్కడికే. పూజ జరిగే చిరాగ్‌పల్లి వెళ్ళేదాకా ఆటోలో ఆమె తన అరచేతులే చూసుకుంటూ కూర్చుంది.

చంద్రప్ప ఇంటిముందు కొత్త ట్రాక్టర్ ఎర్రగా మెరిసిపోతోంది. బంతిపూలు, మామిడాకులు, చక్రాల కింద నిమ్మకాయలు. చంద్రప్ప ఇస్త్రీ ధోవతి కట్టుకుని, బానెట్‌కు ఆనుకుందామంటే రంగు పాడవుతుందేమోనని కాస్త ఎడంగా నిలబడ్డాడు. చుట్టాలు యాభైమంది దాకా ఉన్నారు. భవాని చెయ్యి ఎత్తింది, వేళ్ళు విప్పింది, డ్రోన్ లేచిపోయింది. చెరుకు తోటలు, బొంబాయి రోడ్డు మీద లారీలు, పటేల్ ఇంటి డాబా మీద ఆరబెట్టిన మిరపకాయలతో సహా అన్నీ చక్కగా వచ్చాయి. జనం ప్రణయ్‌కు చప్పట్లు కొట్టారు.

ఇక దించాలి. రామ్‌కిషన్ ఫోన్ పట్టుకుని రీల్ మొదలుపెట్టాడు. ప్రణయ్ ట్రాక్టర్ ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఎడమచేత్తో రిమోట్ మీట కిందికి లాగాడు. డ్రోన్ ఇద్దరు మనుషుల ఎత్తుకు వచ్చి ఆగింది. ఇంకా లాగాడు. జానెడు దిగి, మూరెడు లేచింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ అంతే. పొట్ట మీది కళ్ళకు బొట్టు అంటుకుని ఉంటే దానికి ఏం తెలుస్తుంది? నేల తనకు తగిలే ఉందనుకుని పైకి జరుగుతోంది.

"ఏం కెప్టెన్, దిగనంటున్నదా?" అన్నాడు చంద్రప్ప. "మా ఎడ్లు గిట్లనే మొండికేస్తుండె. అందుకే ట్రాక్టర్ కొన్న."

అందరూ నవ్వారు. ప్రణయ్ చెవులు ఎర్రబడ్డాయి. రిమోట్ కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది, బ్యాటరీ అయిపోవచ్చింది.

భవాని ఉండబట్టలేక ముందుకొచ్చింది. "సార్, దాన్ని ఆ ఖాళీ చెల్కలకు తోలున్రి. పడితే పడనియ్యున్రి. దాని దగ్గర మాత్రం చెయ్యి పెట్టకున్రి."

"నువ్వూకో, రీల్ నడుస్తున్నది!" అని కసిరాడు రామ్‌కిషన్.

అదుగో, అప్పుడే బ్యాటరీ చేతులెత్తేసింది. డ్రోన్ తనంతట తాను కిందికి జారింది. రోడ్డు వైపునుంచి గాలి తోసింది. అది ఒరిగి, రొమ్ము ఎత్తున, సరాసరి కొత్త ట్రాక్టర్ మీదికి వస్తోంది. కెప్టెన్ గారికి పరువు గుర్తొచ్చింది, రీల్ గుర్తొచ్చింది, అత్తగారు గుర్తొచ్చారు. రెక్కలు మాత్రం గుర్తురాలేదు. కుడిచెయ్యి చాపి, వేళ్ళన్నీ విప్పి, పక్కనుంచి పట్టబోయాడు.

భవానికి అక్కడ ప్రణయ్ కనిపించలేదు. చెరుకు మిషన్ కనిపించింది. ఎడమచెయ్యి దానంతట అదే లేచి అతని మణికట్టు మీద ఫెడేలుమని పడింది.

డ్రోన్ వెళ్ళి బానెట్‌కు కొట్టుకుంది. రెండు రెక్కలు విరిగి, మట్టిలో పడి కాసేపు గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. మెరిసే ఎర్రరంగు మీద జానెడు పొడుగున తెల్లగీత.

జనం చూసిందేమిటో చెప్పమంటారా? పనిమనిషి యజమాని అల్లుణ్ణి కొట్టింది. పండుగపూట, పదిమందిలో కొట్టింది. ఆమె కొట్టబట్టే డ్రోన్ పడి, బండికి గీత పడింది. యాభైమందికి వంద కళ్ళుండగా అన్నీ ఇంత మాత్రమే చూశాయి.

"పూజ చేసిన బండి భై! పూజ చేసిన బండి!" అని నెత్తి పట్టుకున్నాడు చంద్రప్ప.

రామ్‌కిషన్ మీదికొచ్చాడు. "అల్లుని మీదనే చెయ్యి లేపుతవా? ఇంత బరితెగించినవా? రేపటిసంది స్టూడియో మెట్లెక్కకు!"

ప్రణయ్ మణికట్టు రుద్దుకుంటూ పక్కకు తిరిగాడు. భవాని కొంగు దోపు విప్పి, రోడ్డు మీదికి నడిచి, వచ్చిన బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ఎక్కువ కోపమొచ్చింది. తెగనిస్తే పోయేది, తన సొమ్మేం పోయింది అనుకుంది. మరుక్షణమే తన సగం వేలు చూసుకుని, ఛీ, పాపిష్టి బుద్ధి, అని లెంపలేసుకుంది. రేపు అల్లం మండీ దగ్గర ఎవరిని అడగాలో ఆలోచిస్తూ ఇల్లు చేరింది.

సాయంత్రం వాడకట్టు అంతా ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టుకోవడానికి కొత్తబట్టలతో బయల్దేరింది. భవాని వెళ్ళలేదు. గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. వాకిట్లో బండి ఆగింది. ప్రణయ్ దిగాడు. కళ్ళద్దాలు లేవు, చారల చొక్కా లేదు. మామూలు చొక్కాలో ఎంత చిన్నవాడో అప్పుడే తెలిసింది.

"ఏంది సార్, ఇంటిదాంక వచ్చిన్రు? తిట్టుడు ఇంక మిగిలిందా?"

"కాదక్కా." అతను గడప బయటే నిలబడ్డాడు. "మామ ఆ వీడియో మెల్లగ పెట్టి చూసిండు. నీదే తప్పని చూపియ్యను చంద్రప్ప పటేల్‌కు పంపుదమని."

"పంపిండా?"

"లేదు. చూసి ఫోన్ బోర్లేసిండు. అత్తమ్మ చూసి లోపలికి పోయింది. నేను నాలుగుసార్లు చూసిన." కుడిచెయ్యి చాపి చూపించాడు. "రెక్కకూ నా వేళ్ళకూ నడుమ గోరంత సందు లేదు. గప్పుడే నీ చెయ్యొచ్చింది."

భవాని చేట పక్కన పెట్టింది. అతని మణికట్టు మీద ఎర్రగా కమిలిన గుర్తు ఇంకా ఉంది. నాలుగు నిండు వేళ్ళు, ఒక సగం వేలు.

ప్రణయ్ జేబులోంచి జమ్మి ఆకులు తీసి ఆమె ఎడమ అరచేతిలో పెట్టాడు. వంగి కాళ్ళకు మొక్కాడు. తల్లికో మేనత్తకో తప్ప ఎవరికీ వంగని అల్లుడు, జమ్మికి పోతున్న వాడకట్టు అంతా చూస్తుండగా వంగాడు.

"లే బిడ్డా. చేతులు చూపియ్యి. వేళ్ళెన్నున్నయ్?"

"అక్కా..."

"లెక్కపెట్టు."

రెండు చేతులూ ముందుకు చాపి, బడిపిల్లవాడిలా పైకే లెక్కపెట్టాడు. ఏడు దాకా బాగానే వచ్చింది. తొమ్మిది దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకుని, పది అన్నాడు.

"మామ రేపు రమ్మన్నడక్కా. పట్టుడు నువ్వే. నాకు నేర్పుతవా?"

భవాని జమ్మి ఆకులు కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"నేర్పుత, పొద్దున్నే రా. ఇంకోటి, ఆ డ్రోన్ బాగై వచ్చినంక మీ అత్తమ్మకు చెప్పు, బొట్టు దాని వీపుకు పెట్టుమను."