మామ తగ్గించలేని దీపం

మా మేనమామ పోయిన వారం కన్నుమూశాడు. నల్లగొండ బజార్లో నేనే కబురు చెప్పాను. "ఎవరు, దీపం మామనా?" అని ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. జన్మంతా చీరలు నేసిన మనిషి పోతే, ఊరికి గుర్తున్నది ఆ ఒక్క దీపమే! సిగ్గుతో తల వంచుకొని వచ్చేశాను.

ఎనభైల్లో మా నేతగాళ్ల వాడకో నాటక సమాజం ఉండేది. లైట్లు మామవి. మట్టి జాడీల్లో ఉప్పునీళ్లు, వాటిలో తాళ్లకు వేలాడే రాగి రేకులు. బల్బులకు కరెంటు ఆ నీళ్ల గుండానే పోయేది. ఆ తాళ్లను మగ్గానికి లాగానే కాలి కింది కర్రలకు కట్టుకున్నాడు. తొక్కేకొద్దీ రేకు నీళ్లలోంచి లేచి, వెలుతురు తగ్గేది. ఆట మొదలయ్యే ముందు, కరెంటు కలపకముందే, పులుసులో ఉప్పు చూసినట్టు ఆ నీళ్లను నాలుక మీద వేసుకునేవాడు. "వెలుతురును గుంజొద్దురా, దువ్వాలె" అనేవాడు. చేయి పట్టుకొని నన్ను వేదిక ఎక్కించింది ఆయనే.

తొంభైల్లో రేడియో దుకాణం నుంచి చిన్న ఎర్ర ఎల్‌ఈడీ బల్బులు తెచ్చాడు. "వేడే లేదు, పట్టుకొని సూడు" అని వాడంతా తిరిగి చూపించాడు. పానగల్‌లో ఆడిన నాటకంలో మీసం తీసేసి నేను తల్లి వేషం కట్టాను. చావబోయే తల్లి తల దగ్గర దీపంగా వాటినే గుత్తి కట్టి పెట్టాడు. దీపం పూర్తిగా తగ్గాకే నా ఊపిరి ఆగాలి. అది మా ఒప్పందం.

దీపం తగ్గలేదు. మామ తొక్కుతున్నాడు, నేను ఎగశ్వాస తీస్తున్నాను, అది మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఉప్పునీళ్లకు పెద్ద బల్బులే లొంగుతాయట, ఈ చిన్నవి లెక్కచేయవట. తర్వాత తెలిసి ఏం లాభం? "ఇంకా పోలేదా ముసల్ది?" అని జనంలోంచి అరిచారు. చివరికి రేకు నీళ్లు వదలగానే దీపం ఫట్‌మని ఆరింది. నేనూ ఫట్‌మని చచ్చాను. జనం పడీపడీ నవ్వారు. చీకట్లో చీర కుచ్చెళ్లు పట్టుకొని పారిపోయాను.

నా సిగ్గు కొన్నాళ్లకు పోయింది. మామది పోలేదు. జాడీలు మళ్లీ ముట్టుకోలేదు. పెళ్లిళ్లలో ఎదురైనా "నీ సావు చెడగొట్టిన్రా" అని కళ్లు దించుకునేవాడు. "ఇడిచిపెట్టు మామా" అని విసుక్కునేవాణ్ని. విసుక్కోకుండా ఉండాల్సింది.

చివరికి మామ మంచాన పడ్డాడు. దవాఖానలో రోజులు గడిచాయి. చుట్టాలంతా పనులు మానుకొని మంచం చుట్టూ నిలబడ్డారు. మామ నన్ను దగ్గరికి పిలిచాడు.

"అందరు నా దిక్కే చూస్తున్నరు. జల్ది పానం పోతలేదు. సిగ్గైతాందిరా. జర వీళ్లను బయటికి పంపియ్యి."

అందరినీ చాయ్ తాగి రమ్మని పంపాను. స్టూలు కిటికీ వైపు తిప్పుకొని, ఆయనకు వీపు పెట్టి కూర్చున్నాను.

"నేను గూడ చూస్తలేను మామా. నీకేం తొందర లేదు, నిమ్మళంగ కానీ."

బయట గోడ మీద ఎవరో ఆరేసిన తెల్ల పంచె గాలికి లేస్తూ పడుతూ ఉంది. కాసేపటికి వెనక ఊపిరి చప్పుడు ఆగింది. నేను మాత్రం తల తిప్పకుండా, చుట్టాలు తిరిగొచ్చేదాకా ఆ పంచెనే చూస్తూ కూర్చున్నాను.