గిల్టు పడని ఒళ్లు

గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద షేర్ ఆటో ఎంతకీ కదలడం లేదు. ఈశ్వరమ్మ ఎడమ చేతిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మణికట్టు కందిపోయి, కట్టు తడిసి రసి కారుతోంది. కూరల సంచీతో పక్కన ఎక్కిన పుణ్యవతి చూసి ఊరుకోలేకపోయింది.

"కుట్లు మానలేదా అమ్మా? వంకాయ గానీ తిన్నావేంటి?"

మళ్లీ అదే మాట! ఈశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అద్దాల మేడలో మెట్లు తుడుస్తూ జారిపడితే చెయ్యి విరిగింది. దవాఖానలో స్టీలు ప్లేటేశారు. ఎముక అతికింది గానీ పైన పుండు మానలేదు. పథ్యం తప్పావంది కోడలు. ఫినాయిల్లో చెయ్యి పెట్టావన్నాడు సూపర్‌వైజర్. శుభ్రం లేదన్నాడు ప్లేటు వేసిన డాక్టరు. తప్పు ఎవరిదైనా కావచ్చు, ప్లేటుది మాత్రం కాదట! వేపచెట్టుకు మేకు దిగ్గొట్టి చూడండి, జిగురు కారుస్తుంది. ఏం తిన్నావని ఆ చెట్టును ఎవరూ అడగరు.

"వంకాయనా? ఏడాది సంది బీరకాయ, చారు తప్ప ఎరుగనమ్మా! నీ సంచిల వంకాయలు చూస్తెనే నోరూరుతున్నది. తిననైతి. అయినా కారవట్టె!"

"మరెందుకంటావు?"

ఈశ్వరమ్మ కొంగు తప్పించి చెవి చూపించింది. కమ్మ ఉండాల్సిన చోట వేపపుల్ల.

"చిన్నప్పటి సంది నాకు గిల్టు పడదు. పెడితే చెవి చీము వడ్తది. మొన్న బస్తీ దవాఖానల డాక్టరమ్మ ఈ చెవులు చూసి చెప్పింది. గిల్టుల ఉండే నికెలే ఈ చేతిల ఏసిన స్టీలు ప్లేట్ల గూడ ఉంటదంట. శానమందికి ఏం గాదంట, నా అసోంటోళ్లకు పడదంట. ఎముక అతికింది గద, తీయించుకొమ్మన్నది."

"అయ్యో! ఆ సంగతి ప్లేటు వేసిన డాక్టరు గారికి ముందే చెప్పాల్సింది కదమ్మా!"

"చెప్పిన!" ఆ అరుపుకి డ్రైవరు వెనక్కి తిరిగాడు. "బల్ల మీద పండవెట్టినప్పుడే చెప్పిన. సారూ, నా ఒంటికి గిల్టు పడదు అంటే, ఇదేమన్నా గాజుల దుకాణమా అని నవ్విండు. నర్సులు గూడ నవ్విన్రు. ఇప్పుడు తీయమంటే, ఉండనీ ఏం గాదంటుండు. వానికేం, వాని చెయ్యా? ఇయ్యాల వాని దగ్గరికే పోతున్న. పెట్టిన చెయ్యే తీయాలె. తీస్తనని చెప్పేదాంక వాని గది ముంగట నుంచి లేవ!"

"అంత కోపంగా వెళ్తే పని అవుతుందా? కాస్త బతిమాలి అడుగు..."

ఈశ్వరమ్మ డ్రైవరు చేతిలో కిరాయి పెట్టి, ఆగి ఉన్న ఆటోలోంచి దిగిపోయింది. వెనక నుంచి "జాగ్రత్తమ్మా" అని వినబడింది. తిరిగి చూడలేదు. రసి కారే చేతిని పైకెత్తి, వచ్చే బండ్లను ఆపుకుంటూ దవాఖాన వైపు నడిచింది.