లేపే మందు

ఇవాళ కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో చేపల గట్టు కడుగుతుంటే బ్లీచింగ్ వాసన ముక్కుకు తగిలింది. శారద మేడమ్ గుర్తొచ్చారు. మీకెవరికీ తెలియని మనిషి. చదువు లేనిదాన్ని, నోటితో చెప్పి రాయిస్తున్నాను.

రేవులో కూలి చేసే నా మొగుడు పోతూ పోతూ నాకు హెచ్‌ఐవీ అంటించిపోయాడు. ఆ సంగతి తెలిసీ ఆ రోగం మీదే పరిశోధన చేసే తన లాబ్‌లో బ్లీచింగ్‌తో సీసాలు కడిగే పని ఇచ్చింది విజయవాడ నుంచి వచ్చిన ఈ మేడమే. ఒకసారి పరీక్షలో నా రక్తంలో వైరస్ కనబడలేదన్నారు. ప్రార్థన కూటంలో సువార్త పిన్ని నా చెయ్యి వదల్లేదు.

"ఒలే మరియా, దేవుడు ముట్టేడే నిన్ను! ఆదివారం సాచ్చెం చెప్పీయ్. ఇంక ఆ మాత్రలేటికే? మింగితే అపనమ్మకం కాదేటి?"

మావాళ్లలో స్వస్థత పొందినవాళ్లు సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. చెప్పాక మందు ముట్టకూడదని పిన్ని లెక్క. మాత్రలతో నేనూ విసిగిపోయి ఉన్నాను. నమ్మాలనే ఉంది.

మానేస్తానంటే మేడమ్ కోప్పడలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెరంతా చీకటి.

"ఏం కనబడుతోంది?"

"ఏటీ నేదండి."

"వైరస్ పట్టిన కణాలివి. ఇప్పుడు చూడు. ఇలాంటి కణాల్లోనే ఒక రసాయనం వేశాం, అంతే."

రెండో బొమ్మలో చీకటి నిండా పచ్చటి చుక్కలు.

"వైరస్ లేచి ప్రొటీన్లు తయారుచేసుకుంటోంది. లేస్తే పచ్చగా వెలిగేలా మేమే పెట్టాం. ఇందాకా ఉంది, కానీ నిద్రపోతోంది. నీలోనూ అంతే. లేచినదాన్ని పెరగనివ్వకుండా ఆపేది నీ మాత్రే."

"మరా లేపే మందు నాకిచ్చీయండి. మొత్తం లేపీసి తరిమీయండి."

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. "లేపడం కొంచెం తెలిసింది, మరియమ్మా. తరమడం ఇంకా మాకు చేతకాలేదు."

"ఇన్నేళ్లూ ఇదే పని. విసుగు రాదా మీకు?"

"రోజూ వస్తుంది. అయినా పొద్దున్నే వచ్చి తలుపు తీస్తాను."

చేతకాలేదని అంతకుముందు ఏ డాక్టరూ నాతో అనలేదు. ఆ మాటకే ఆవిణ్ణి నమ్మాను.

ఆదివారం సంఘం ముందు నిలబడ్డాను. "రోగం పోనేదు. పడుకుంది. దేవుడిచ్చిన మాత్రే మింగుతున్నాను" అన్నాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. పిన్ని మొహం తిప్పుకుంది.

తరిమే మందు దొరక్కుండానే మేడమ్ రిటైరై వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ కూటంలోనే ఎవరో ఒక ఆడమనిషి నన్ను పక్కకు లాగి, "ఇది పోద్దా అక్కా?" అని గుసగుసగా అడుగుతుంది. అవునంటే ఆమెకూ హాయి, నాకూ హాయి. "తెల్దమ్మా" అంటాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఒళ్లు బరువెక్కుతుంది. ఆమె కళ్లు తుడుచుకునేదాకా పక్కనే ఉండి, "ఇవాల్టి మాత్ర మింగేవా?" అని అడుగుతాను.