బోర్డులు చదివే మేడమ్

మేడమ్‌కి ఒకటే జబ్బు. కంటికి అక్షరం కనబడితే అది నోట్లోంచి బయటికి రావాల్సిందే. మందు సీసా మీది చీటీ, లిఫ్టులో హెచ్చరిక, సబ్బు పెట్టె వెనక చీమ కాళ్ళంత రాత, ఏదైనా సరే, గొంతెత్తి చివరిదాకా చదివేవారు. ఫోన్‌లో డబ్బు పంపుకునే యాప్ నడిపే కంపెనీకి ఆవిడ యజమాని. నూట నలభై మందికి జీతాలిచ్చే మనిషి. ఆ నూట నలభై మందీ చాటుగా ఆవిణ్ణి మైకు అనేవారు.

అందరికంటే ఎక్కువ నలిగిపోయింది మాత్రం కారు డ్రైవరు. రోజూ రానూ పోనూ గంటన్నర అతని చెవులు ఆవిడవే.

"అన్నా, 'ముందు మలుపు ఉంది, నెమ్మదిగా వెళ్ళండి.'"

"వెళ్తున్నానమ్మా."

"'పళ్ళు పీకబడును. నొప్పి ఉండదు.'"

"నా పళ్ళు బాగానే ఉన్నాయమ్మా."

ఆవిడ పూర్వం బ్యాంకు కౌంటర్లో పనిచేశారు. ఎవరైనా వేలిముద్ర వేయబోతే చెయ్యి పట్టుకు ఆపి, కాగితమంతా చదివి వినిపించాకే వేయనిచ్చేవారు. వెనక లైను వీధిలోకి పాకేది. "ఇది బ్యాంకా, రేడియో స్టేషనా? అంత సరదా ఉంటే సొంతంగా ఒకటి పెట్టుకోండి" అని మేనేజరు విసుక్కున్నాడు. ఆవిడ దాన్ని సలహా అనుకుని మర్నాడే రాజీనామా ఇచ్చారు. అందుకే ఆవిడ యాప్ మాట్లాడుతుంది. ప్రతి షరతునీ మామూలు మాటల్లో చెప్పి, సరేనా అని అడిగి, అప్పుడే ముందుకు పోనిస్తుంది.

ఒకసారి పెట్టుబడి పెట్టడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. కంపెనీలో రెండు నెలల జీతాలకే డబ్బుంది. ఒప్పందం ఎనభై నాలుగు పేజీలు. ఫైళ్ళు మోసుకొచ్చిన డ్రైవరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. మేడమ్ మొదటి పేజీ నుంచి అందుకున్నారు. నలభయ్యో పేజీకి లాయరు గురక పెట్టాడు. అరవై ఒకటో పేజీలో ఆవిడ ఆగిపోయారు.

"ఇది మీరు చదవండి సార్. మా డ్రైవరన్న కూడా మన యాప్ వాడతాడు. ఆయన మొహం చూస్తూ చదవండి."

"ఖాతాదారుల వివరాలను వారికి తెలపకుండా అమ్ముకొను..." పెద్దమనిషి ఆగి, మంచినీళ్ళు తాగాడు. డ్రైవరు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. "ఇది కొట్టేద్దాం లెండి" అన్నాడు చివరికి.

"మొహం మీద చెప్పలేని మాట కాగితం మీద ఉండకూడదన్నా" అన్నారు మేడమ్, తిరుగు దారిలో. వెంటనే టైర్ల కొట్టు బోర్డు అందుకున్నారు.

కూతురి కాన్పని డ్రైవరు నాలుగు రోజులు సెలవు పెట్టాడు. తిరిగొచ్చి, తన బదులు కారు నడిపినవాణ్ణి అడిగాడు.

"చెవులు పనిచేస్తున్నాయా?"

"వాటికేమైంది? నాలుగు రోజులూ ఆవిడ నోరు విప్పితే ఒట్టు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

డ్రైవరుకి పాత సంగతి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట పనిలో చేరిన రోజు మేడమ్ ఫారం ఇస్తే, "కళ్ళజోడు మర్చిపోయానమ్మా" అన్నాడు. ఆవిడ ఫారం వెనక్కి తీసుకుని తనే చదివిపెట్టారు. ఆ సాయంత్రం నుంచే కార్లో బోర్డులు మొదలయ్యాయి. అతనికి కళ్ళజోడు ఎప్పుడూ లేదు. అదేమైందని ఆవిడ ఈ ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు పొద్దున దారిలో మేడమ్ నోరు తెరవగానే అతను కారు పక్కకి ఆపేశాడు.

"ఈ బోర్డు మీరు చదవకండమ్మా. ఏ అక్షరం ఏదో చెప్పండి చాలు. నేను చదువుతాను."

మేడమ్ అద్దంలో అతని మొహం చూశారు. ఏమీ అడగకుండా దిగొచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూపించారు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. డ్రైవరుకి చెమటలు పట్టాయి.

"ఇ... క్క... డ. ఇక్కడ. వా... హ... నా... లు." ఇరవై నిమిషాలు పట్టింది. "ని... లు... ప... రా... దు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా ట్రాఫిక్ పోలీసు వచ్చి కిటికీ మీద కొట్టాడు.

"ఏమయ్యా, చదవడం రాదా?"

డ్రైవరు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఇప్పుడే వచ్చింది సార్."