అందరినీ బయటికి పంపిన డాక్టరమ్మ

మొన్న మా పెద్దవాడి కాలికి మేకు గుచ్చుకుంటే మహబూబాబాద్‌లో ఇంజెక్షన్ చేయించాను. నర్సు దూదికి అద్దిన స్పిరిట్ ఘాటు ముక్కుకు తగలగానే విమల మేడం గుర్తొచ్చారు. అప్పట్లో జనగామలో చిన్న దవాఖాన నడిపేవారు. అంత అనుమానపు మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆడవాళ్లెవరైనా తలవంచుకుని "సరే" అన్నారంటే ఆవిడకు అస్సలు నమ్మకం కుదిరేది కాదు.

అప్పుడు మేం రఘునాథపల్లిలో ఉండేవాళ్లం. చిన్నదానికి ఎనిమిది నెలలు. ఆపరేషన్ కాన్పు, కుట్ల నొప్పి ఇంకా తగ్గనేలేదు, మళ్లీ నెల తప్పింది. గర్భం తీయించుకుంటానని ఇంట్లో ముందు అన్నది నేనే. మా ఆయన, అత్తమ్మ ఒప్పుకుని వెంట వచ్చారు. మా వైపు దవాఖానకు పోతే నొప్పి కోడలిది, జవాబు అత్తమ్మది. మేడం నన్నేం అడిగినా అత్తమ్మే చెబుతోంది. రెండు మాటలు విని, ఆమెను జర బయట కూర్చోమన్నారు. మా ఆయన సంతకం ఎక్కడ పెట్టాలంటూ పెన్ను తీశాడు.

"నీ సంతకం అక్కర్లేదు తమ్మీ. మేజర్ అయిన ఆడామె, ఆమె ఒప్పుకుంటే చాలు. చట్టం గదే చెప్తది," అని ఆయననూ పంపేశారు. చివరికి నర్సును కూడా ఉండనివ్వలేదు.

మందులు ఎలా పనిచేస్తాయో, రక్తం ఎంత పోవచ్చో, ఎప్పుడు భయపడాలో అన్నీ విడమరిచి చెప్పారు. కావాలంటే ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మన్నారు. నేను తలూపాను. అది చాలలేదు. ఎవరు చెప్పమన్నారని ఒకసారి, ఇంట్లో ఎవరైనా బెదిరించారా అని ఒకసారి, కడుపులో ఉన్నది ఆడపిల్ల అని ఎవరైనా చెప్పారా అని మరోసారి తిప్పి తిప్పి అడిగారు. దొంగను నిలబెట్టి అడిగినట్టుంది. నాకు ఒళ్లు మండింది.

"కడుపు నాది, కుట్లు నాయి. మా వాళ్లు వద్దన్నా నేనొచ్చేదాన్ని. ఎన్నిసార్లడుగుతరు మేడం?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆవిడ మొదటిసారి నవ్వారు.

"గిప్పుడు నమ్మిన బిడ్డా," అని కాగితం నా ముందుకు జరిపారు.

ఆ అనుమానం నాకూ అంటుకుంది. ఇప్పుడు మా మరదలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది నేనే. ఆమెను అడిగినదానికి జవాబు నా నోటిదాకా వస్తుంది. నా మీద నాకే నమ్మకం పోతుంది. లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేస్తాను.