మడుగుకు నీలి గుర్తు

మా అంగట్లో ఓవర్సీరు తాడు కొన్న రోజే నాకు ఆయన మీద జాలి వేసింది. మా నాయన చెప్పిన ధరకు తల ఊపి, పైగా "మంచిదండీ" అన్నాడు. నంద్యాల బజారులో ధర విని "మంచిదండీ" అన్న మనిషిని అంతకుముందు మేము చూడలేదు.

బెజవాడ వైపు ఆయన. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కుందేరు వెంబడి కడప జిల్లా పొలిమేర దాకా పటం గీయడానికి వచ్చాడు. ఊళ్లలో మాట్లాడి పెట్టడానికి తోడుగా ఒక మనిషి కావాలన్నాడు. మా నాయన నా వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"వీణ్ణి తీసుకపో సామీ. మాటల్లో వీణ్ణి గెలిచినోడు ల్యాడు. అంగట్లో పెట్టుకుంటే గెలిచి గెలిచి గిరాకీలనంతా ఎదురంగడికి తరుముతాండాడు."

అది పొగడ్తో తెగడ్తో తేల్చుకునేలోపే నేను ఎడ్లబండిలో ఉన్నాను.

దారిలో ఓవర్సీరు పని సంగతి చెప్పాడు. కర్నూల్లో ఆయన పై అధికారికి ఒక పట్టుదల. కొత్త కాలువ తవ్వే ముందు, ఏట్లో ఎండాకాలం కూడా నీళ్లు నిలిచే చోట్లు ఏవో తెలియాలి. ఆ నీళ్లను నమ్ముకుని ఏమేమి బతుకుతున్నాయో తెలియాలి: మనుషులు, గొడ్లు, చేపలు, పిట్టలు, గట్టు మీది చెట్లు. అలాంటి చోటికి పటంలో నీలి గుర్తు పెడతారు. గుర్తు ఉంటే కాలువ దాన్ని తప్పించుకుని పోతుంది. లేకపోతే దానికి ఎగువనే ఏటి నీళ్లు కాలువలోకి మళ్లిస్తారు.

"ఏటికి విలువ కట్టడం అన్నమాట" అన్నాడు.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బెల్లానికి విలువ కట్టాను. నూనెకు, శనక్కాయలకు, ఒకసారి మా పెదనాయన గుర్రపుబండికి కూడా కట్టాను. ఏటికా! లకుముకి పిట్టకు, తుంగకు, ఏరుమద్ది చెట్టు నీడకా! ఇంత సరుకు నా ఎదుట పారుతుంటే ఇన్నాళ్లూ గోనెసంచుల మధ్య కూర్చున్నానే అనిపించింది. బండి ఆగకముందే దూకేశాను. కాలు బెణికింది. ఆ సంగతి ఓవర్సీరుకు చెప్పలేదు.

పొలిమేర దగ్గర ఏరు మలుపు తిరిగే చోట ఒక మడుగు. చూస్తేనే ప్రాణం లేచి వచ్చేట్టుంది. గట్టు పొడవునా మద్దిచెట్లు, నీళ్లలో బర్రెల తలలు, పక్కన ఇసుకలో తవ్విన చెలమల దగ్గర కడవలతో ఆడవాళ్లు. మమ్మల్ని చూసి ఊళ్లోని మగవాళ్లు వచ్చారు. ఓవర్సీరు వచ్చిన పని గెజిట్లో అచ్చు వేసినట్టు చక్కని తెలుగులో వివరించాడు. ఒక్కరికీ అర్థం కాలేదు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"వేసవిలో ఇక్కడ నీళ్లు ఉంటాయా అండీ?"

"ఈడ ఏముంటాది సామీ? ఇసక, రాళ్లు" అన్నాడు ఊరి పెద్దాయన.

"మరి ఈ నీళ్లు?"

"అవా? మొన్న వాన పడినాది గదా, దానివి."

కార్తీకం తర్వాత ఆ చుట్టుపక్కల చినుకు రాలలేదు.

"చేపలు ఉంటాయా?"

"చేపలంటే ఎట్లుంటాయో మేం చూసినోళ్లం గాదు సామీ" అన్నాడు ఒక మీసాలాయన. ఆయన భుజం మీద వల ఉంది. దాన్నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

పాపం ఓవర్సీరు, తాడు ధరకు తల ఊపినట్టే దీనికీ ఊపాడు. నీలి పెన్సిలు జేబులో పెట్టుకుని, ఎర్ర పెన్సిలు తీసి, కాలువ గీతను మడుగు ఎగువకు లాగబోయాడు.

సరుకును తీసిపారేసే మాటలు నేను ఉగ్గుపాలతో విన్నవాణ్ణి. "రంగు వెలిసింది, నేత పలచన" అని చీరను తిట్టే మనిషి ఆ చీర లేకుండా గడప దాటదు. వీళ్లెందుకు తమ సరుకును తామే తిట్టుకుంటున్నారో నాకు అంతు చిక్కలేదు. పెద్దాయనను పక్కకు పిలిచి అడిగాను.

"అంగడోళ్ల పిల్లోనివి, ఆ మాత్రం తెలీదా? నీళ్లుండాయంటే నీటి పన్ను, తీరువ ఏస్తారప్పా!"

"తీరువ గాదు పెద్దాయనా! మీకు మడుగే లేదని గీస్తాండాడు. లేని మడుక్కి నీళ్లెందుకని పైన్నే కాలువలోకి మళ్లిస్తారు!"

ఈ మాట చెలమ దగ్గరున్న ఒకామె చెవిన పడింది. కడవ దించి, చెంగు బిగించి నేరుగా మగవాళ్ల మధ్యకు వచ్చింది.

"మడుగెండితే చెలమ ఎండుతాది. చెలమెండితే ఊరంతా ఏం తాగాల? మీ మీసాల మీది చెమటా?"

ఇక చూడాలి! కొనేవాళ్లంతా ఒక్క క్షణంలో అమ్మేవాళ్లయ్యారు.

"ఏడు తాటిచెట్ల లోతు సామీ!"

"దూడంత చేపలు!"

"మొసలుండాది! మా మామ కాలు పట్టుకున్యాది!"

"చేపలంటే ఎలా ఉంటాయో తెలీదన్నారు?" అన్నాడు ఓవర్సీరు మీసాలాయనతో.

"అది ఇందాక సామీ!"

నాకు తిరునాళ్లలో ఉన్నంత సంబరంగా ఉంది. ఓవర్సీరు మాత్రం నెత్తి పట్టుకుని మద్దిచెట్టు కింద కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఇందాక ఇసుక అన్నారు, ఇప్పుడు సముద్రం అంటున్నారు. ఇవాళ్టి లోతు నేను గడ వేసి కొలుస్తాను. రోహిణి కార్తెలో ఎంత మిగులుతుందో ఎవరిని అడగను? అబద్ధం గీస్తే పై అధికారి ఈ గుర్తే కాదు, పటం మొత్తం చింపేస్తాడు."

ఆయన బాధ నిజం. పదిమంది ఎదుట ఏడు తాటిచెట్లు అన్న మనిషి పదిమంది ఎదుట ఒక్క మట్ట కూడా తగ్గించడు. బజారులో అంతే, ఏటి ఒడ్డునా అంతే. అప్పుడు నాకు ఎద్దుల సంత గుర్తుకు వచ్చింది. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుంటారు. ఎవరు ఎంత దిగారో పక్కవాడికి తెలియదు. పరువు పైన ఉంటుంది, నిజం గుడ్డ కింద ఉంటుంది.

నా భుజం మీది తువాలు దులిపి నా చేతి మీద కప్పుకున్నాను.

"రోహిణిలో ఎన్ని మనిషి నిలువుల లోతుంటాదో అన్ని వేళ్లు పట్టండి. నోరు తెరిస్తే బేరం చెల్లదు!"

ఒక్కొక్కరే వచ్చి చెయ్యి లోపల పెట్టారు. మొహాలు మాత్రం గంభీరంగా ఆకాశం వైపే! ఏడు తాటిచెట్లాయన రెండు వేళ్లు పట్టాడు. కాసేపు ఆలోచించి రెండోదాన్ని సగానికి మడిచాడు. మొసలి మామ అల్లుడూ అంతే. మీసాలాయన వేళ్లకు చేపల వాసన వేస్తోంది, ఆయన లెక్కా అదే. ఒకరి వేళ్లు ఒకరు చూడలేదు, అయినా అందరూ ఒకే చోట ఆగారు. తువాలు మడిచి ఓవర్సీరు చెవిలో లెక్క చెప్పాను: నిలువున్నర.

కడవ దించిన ఆమె ఇదంతా చూస్తూ నిలబడింది.

"నిజం చెప్పేదానికి మగోళ్లకు గుడ్డ కప్పాల్నా? నన్నడుగు. రోహిణిలో దిగినోడు మునిగి చెయ్యెత్తితే వేళ్లు మాత్రం కనపడతాయి. అంతే లోతు. ఎంత ఎండలు గాసినా అంతకంటే దిగదు, అడుగున ఊట ఉండాది."

ఇంచుమించు అదే నిలువున్నర! ఓవర్సీరు లేచి నిలబడ్డాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే ఇద్దరం మళ్లీ గట్టు మీద ఉన్నాం, నీళ్లలో బతికేవాటిని కళ్లారా చూసి రాసుకోవాలని. తుంగలో ఏదో కదిలింది. ఒక తల, వెనకే ఇంకో తల. నీటికుక్కలు! తల్లి నోట్లో కొర్రమీను, దాని కోసం పిల్లల కుస్తీ. "అదిగో!" అని అరవబోయి నా నోరు నేనే మూసుకున్నాను. ఓవర్సీరు బూట్లతోనే మోకాటి లోతు బురదలోకి దిగిపోయాడు. ఆ మనిషి నవ్వడం నేను అప్పుడే చూశాను. బురదలో నిలబడే నీలి పెన్సిలు తీసి మడుగుకు గుర్తు పెట్టాడు. ఎంత గట్టిగా రుద్దాడంటే కాగితం అవతలికి దిగింది.

ఆ గుర్తు కర్నూలులో నిలిచింది. వానలు వెనకబట్టాక మేము బండ్ల మీద రాళ్లు వేసుకుని, కాలువకు గూటాలు నాటడానికి వెళ్లాం. గీత మడుగుకు దిగువగా జరిగింది. మొదటి గూటం మీద సుత్తి దెబ్బ పడగానే ఊరంతా కేకలు, ఈలలు. ఎవరో ఓవర్సీరు మెడలో బంతిపూల దండ వేశారు. నాకు వేస్తారని మెడ కొంచెం ముందుకు చాచాను. వెయ్యలేదు.

కేకలు సద్దుమణగకముందే చెలమ దగ్గర కడవ దించిన ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"మంచిపని జేసినావు సామీ. మడుగుండాది, బాగుండాది. అయితే బర్రెలు గట్టు దిగేటప్పుడు జారి పడతాండాయి. ఎట్లాగూ రాళ్లు తెచ్చినారు గదా, ఆ పక్క ఒక రేవు గూడా కట్టించు."

ఓవర్సీరు తల ఊపబోయాడు. నేను గబుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, ఆమె ఎదుట నిలబడ్డాను.

"రేవు కడతాం సరే. రాళ్లు మావి, మరి మోసేదెవరు పెద్దమ్మా?"

"ఈడ మోసేటోళ్లు యాడుండారప్పా?" అందామె, వెనక నిలబడ్డ ఊరి మగవాళ్లందరినీ చెంగుతో కప్పేసేలా చేతులు చాచి. "అందరూ నడుం నొప్పులోళ్లే!"