బంద్, ఒకటిన్నర కిలోమీటర్లు

రిటైరయ్యాక మా మావయ్య రోజూ పొద్దున్నే సెక్టారు పార్కులో గుండ్రంగా తిరుగుతాడు. ఈ గానుగెద్దు నడక తన వల్ల కాదని దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి ఒకటే పోరు. "బందు కాడికెల్దాం అమ్మీ, ఒకసారి సూసొద్దాం" అని. దుర్గ్ దాటాక పల్లెల మధ్య ఒక పాత మట్టి ఆనకట్ట ఉంది. భిలాయి స్టీలు ప్లాంటులో చేరిన కొత్తలో, వీక్లీ ఆఫ్ వస్తే స్నేహితులతో సైకిళ్ళ మీద అక్కడికి వెళ్ళేవాడట. హిందీలో ఆనకట్టను బాంధ్ అంటారు. మావయ్య నోట్లో అది బందు. ఇన్నేళ్ళుగా ఉన్న ఊరు ఆయన శ్రీకాకుళం నాలుకకు ఒత్తు నేర్పలేకపోయింది. బందు చూడ్డానికి వెళ్తున్నానంటే, ఈసారి ఏ పార్టీవాళ్ళు చేస్తున్నారు కాకా అని పక్క క్వార్టరువాళ్ళు ఆటపట్టిస్తారు. ఈలోగా అక్కడ పార్కు కట్టారనీ, అడవిలోంచి ఆనకట్ట దాకా నడకదారి ఉందనీ ఫోన్లో ఫోటోలు కనిపించాయి. పచ్చటి చెట్లు, ఎర్రమట్టి బాట, చివర్న నీళ్ళు. ఆ ఫోటోలు నమ్మి బయలుదేరాం.

మీరూ వెళ్ళేట్టయితే దుర్గ్ బస్టాండు నుంచి బాలోద్ వైపు వెళ్ళే బస్సు ఎక్కండి. మేం ఆదివారం ఏడింటికల్లా ఎక్కాం. మనిషికి నలభై తీసుకున్నాడు. గుండర్‌దేహీ రాకముందే దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్ళాలి. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఒక కాపలావాడి ఉద్యోగానికి ఎసరు పెట్టినదాన్నవుతాను. ఆటో అతను ఎక్కడికని అడిగితే మావయ్య ముందు సీట్లోంచి "బందు" అన్నాడు.

"బాంధ్ తో బంద్ హై, కాకా" అన్నాడతను. ఆనకట్టకు దారి మూసేశారని అతని మాట.

మావయ్య చెవికి రెండూ ఒక్కటే. "అవును మరి, బందు బందే. మారిపోద్దేటి?" అని నావైపు తిరిగి సంతోషంగా తలాడించాడు. నేను నవ్వాను గాని, ఆ మాట అప్పుడే పట్టించుకోవలసింది.

పార్కు గేటు ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. రామ్‌బాయి అనే ఆవిడ బొగ్గుల పొయ్యి మీద చీలాలు పోస్తోంది. చీలా అంటే బియ్యప్పిండి అట్టు. పచ్చిమిర్చి టమాటా పచ్చడితో వేడివేడిగా పెట్టింది. చాలా బాగుంది, తప్పకుండా తినండి. పక్కన మూతపెట్టిన గిన్నెలో నీళ్ళు పోసిన అన్నం ఉంది. బాసీ అంది. మావయ్య మూత తీసి వాసన చూశాడు. "మన తరవాణీయే కదేటి ఇది" అని మురిసిపోయాడు. అది ఆవిడ పెనిమిటికి. ఆనకట్ట కింద వాళ్ళకు కూరగాయల మడి ఉంది. పార్కులోని నడకదారినే వెళ్తే ఇరవై నిమిషాల పని. కాని రెండు వానాకాలాలుగా ఆ దారికి తాళం. అందుకని రోజూ కొట్టు మూసి, అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని తారురోడ్డు మీద చుట్టూ తిరిగి గంట నడుస్తుంది. వచ్చేటప్పుడు గిన్నె బదులు వంకాయల బుట్ట.

"ఎందుకు మూశారు?" అని అడిగాను.

"బోర్డు మీద రాసుంది, దీదీ. మేమేం చేస్తాం, కా కరబో" అంది. మోకాలు రాసుకుంటూ మళ్ళీ అట్టు తిరగేసింది.

టిక్కెట్టు ఇరవై, ఫోనుతో ఫోటో తీస్తే ఇంకో ఇరవై. లోపలికి వెళ్ళగానే నా ఒళ్ళు మండిపోయింది. ఉన్న చెట్లు కొట్టేసి, సిమెంటుతో చెట్టు మొద్దులు పోసి, వాటి మీద కూర్చోమన్నారు. ప్లాస్టిక్ జింక ఒకటి, దానికి ఒక చెవి లేదు. పుట్టగొడుగు ఆకారంలో గొడుగు, దాని కింద నీడ తప్ప అన్నీ ఉన్నాయి. మట్టి మీద నడుద్దామని వస్తే కాలి కింద రంగు టైల్సు. ఇదంతా చేసినవాళ్ళు జన్మలో ఒక్కసారైనా అడవిలో నడిచారా అని నా అనుమానం. మా సెక్టారు పార్కే నయం, అక్కడ కనీసం వేపచెట్లు నిజంవి.

టైల్సు అయిపోయిన చోట అసలు దారి కనిపించింది. ఎర్రమట్టి, రెండు వైపులా మోదుగ చెట్లు, ఫోటోలో ఉన్నట్టే. దానికి అడ్డంగా ఇనపగేటు, గేటుకు తాళం. పక్కనే పసుపు బోర్డు మీద హిందీలో నల్లటి అక్షరాలు: బంద్. స్టూలు మీద కూర్చున్న కాపలా అతను కూడా చేత్తో అదే చూపించాడు. ఇంత దూరం వచ్చి, కెమెరాకు కూడా డబ్బు కట్టి, చెవి తెగిన జింకను చూసి ఇంటికెళ్ళాలా అని నాకు ఉక్రోషం వచ్చింది. వెనక్కి తిరిగాను. మావయ్య కదల్లేదు.

"ఎటెల్తన్నావే? ఇదే కదా బందుకి దారి. రాసీసుంది కదేటి."

"మూసేశారని రాసుంది మావయ్యా."

"మూసీసిన దానికి దూరం ఎందుకు రాత్తారే?"

అప్పుడు చూశాను. బంద్ అన్న మాట కింద బాణం గుర్తు ఉంది. దాని పక్కన ఒకటిన్నర కి.మీ. అని ఉంది. హిందీలో ఈ రెండు మాటలకూ ఒక నిలువు గీత, ఒక అక్షరం తేడా. బోర్డు రాసినవాడు కూడా మా మావయ్యలాగే ఒత్తు ఎగ్గొట్టాడు. ఆనకట్టకు దారి చూపించాల్సిన బోర్డు దారి మూసేసింది. బోర్డు తర్వాత ఉద్యోగంలో చేరిన ఈ కాపలా అతను దాన్ని చదివి తాళం వేశాడు. తాళం వెయ్యమని ఎవరు చెప్పారంటే, బోర్డే చెప్పిందన్నాడు.

సూపర్‌వైజరుకు ఫోను చెయ్యమన్నాను. చేశాడు. స్పీకర్లో అవతలి గొంతు విసుగ్గా, "బోర్డు మీద ఏం రాసుంది?" అని అడిగింది. బంద్ అని ఉంది సార్ అన్నాడు. "అయితే బందే కదా. ఆదివారం పూట ఇదేం గొడవ" అని ఫోను పెట్టేసింది. ఇంతే. రెండేళ్ళుగా ఒక ఆడమనిషి అన్నం గిన్నెతో ఊరు చుట్టి వస్తోంటే, విచారణ పూర్తి కావడానికి ఆయనకు పట్టిన సమయం ఇది. నాకు కోపం నషాళానికెక్కింది. మావయ్యకు మాత్రం కోపం రాలేదు.

"ఈ బాబు బోర్డు మాటే ఇంటాడు. మరి బోర్డుకే సెప్పు" అన్నాడు.

గేటు బయటికెళ్ళి రామ్‌బాయి పొయ్యి పక్క నుంచి చల్లారిన బొగ్గు ముక్క తెచ్చాను. ఏంటా అని ఆవిడ కూడా చేతిలో బాసీ గిన్నెతో వెనకాలే వచ్చింది. నిలువు గీత గీశాను, పాత అక్షరం మీద కొట్టేసి పక్కన కొత్తది దిద్దాను. కాపలా అతను స్టూలు మీంచి లేచి, బోర్డు ముందు నిలబడి, పిల్లాడు పాఠం చదివినట్టు కూడబలుక్కుని చదివాడు. "బాంధ్. ఒకటిన్నర కిలోమీటర్లు." "ఇప్పుడైతే బాంధ్ అని ఉంది, మేడం" అన్నాడు, తప్పు తనది కానట్టు. జేబులోంచి తాళంచెవి తీశాడు. గేటు బిగుసుకుపోయి ఉంది. మావయ్యా అతనూ కలిసి నెట్టారు.

మేం పక్కకు తప్పుకున్నాం. రామ్‌బాయి గిన్నె నెత్తికెత్తుకుని, ఎవరి వైపూ చూడకుండా ముందు నడిచింది. ఆవిడ వెనక మేం. దారి పొడవునా చల్లగా ఉంది, మెత్తటి మట్టి. ఆనకట్ట ఎక్కితే నీళ్ళ మీద బాతులు, కింద వంకాయ మడి. మడిలోని మనిషి ఆవిడ వస్తున్న వైపు చూసి, తర్వాత పొద్దు వైపు చూశాడు. ఇంత పెందరాళే అన్నం రావడమేంటని కాబోలు. మావయ్య గట్టు మీద కూర్చుని చాలాసేపు నీళ్ళు చూశాడు. "బందు అలాగే ఉందే" అన్నాడు. నేను దిద్దలేదు.

ఇల్లు చేరాక కూడా నా కోపం తగ్గలేదు. ప్రకృతిని చూపిస్తామని డబ్బు తీసుకునేవాళ్ళు ఆ దారిలో రోజూ నడిచేవాళ్ళను ఒక్కసారి అడిగి ఉంటే చాలు. ఎవరూ అడగలేదు, ఎవరూ చదవలేదు. మేం వెళ్ళకపోతే ఇంకో వానాకాలం కూడా గడిచేది. బొగ్గుతో రాసింది ఎన్నాళ్ళుంటుంది? మొదటి వానకు చెరిగిపోతుంది, బోర్డు మళ్ళీ బంద్ అంటుంది, ఆ అమాయకుడు మళ్ళీ తాళం వేస్తాడు. అందుకే వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. నీళ్ళ సీసా, టోపీ ఎలాగూ పెట్టుకుంటారు. వాటితో పాటు ఒక చిన్న డబ్బా నల్ల పెయింటు, ఒక బ్రష్షు తీసుకెళ్ళండి.